సూరత్ తెలుగువారి మూడు భాషలు: పక్షవాతం మాటను దెబ్బతీస్తే ఏ భాష నిలుస్తుంది?

సూరత్‌లో మరమగ్గాల మీద ఆధారపడి జీవించే తెలుగు కుటుంబాలకు రోజంతా ఒకే భాషతో గడవదు. ఇంట్లో తెలుగు, కార్ఖానాలో హిందీ, బజారులో గుజరాతీ. ఈ మూడింటి మధ్య రాకపోకలు వారికి ఎంత అలవాటంటే, ఏ మాట ఏ భాషలో అన్నామో వారు గమనించను కూడా గమనించరు.

తెలంగాణ జిల్లాల నుంచి నేత కుటుంబాలు దశాబ్దాల క్రితమే ఈ నగరానికి వలస వచ్చాయి. లింబాయత్ వంటి ప్రాంతాల్లో వారి నివాసాలు స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి ఆ వలసలే కారణం.

ఇలాంటి కుటుంబంలో పెద్దవారికి పక్షవాతం వచ్చి మాట పడిపోతే ఏం జరుగుతుంది? మూడు భాషలూ ఒకేసారి పోతాయా? చిన్ననాటి తెలుగు నిలిచి, తర్వాత నేర్చినవి చెరిగిపోతాయా? లేక రోజూ వాడే హిందీయే ముందు తిరిగి వస్తుందా?

మెదడు ఎడమ, కుడి భాగాల మధ్య పని ఎలా పంచుకుంటుందో అధ్యయనం చేసే నాడీ మనోవిజ్ఞాన శాస్త్రం ఈ ప్రశ్నలకు సమాధానాలు వెతుకుతోంది. ఈ అన్వేషణలో భారతీయ మూలాలున్న ఇద్దరు మహిళల పరిశోధన జీవితాలు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. ఒకరు అమెరికాలో ఆచార్యులుగా పనిచేసిన జ్యోత్స్న వైద్. మరొకరు హైదరాబాద్ నిమ్స్‌లో తన ముఖ్యమైన పరిశోధన సాగించి, తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లిన నాడీవైద్య నిపుణురాలు సువర్ణ అల్లాడి.

ఎడమ, కుడి తేడా ఎలా బయటపడింది?

మెదడు పైకి చూస్తే అక్రోటు గింజలా రెండు సమాన భాగాలుగా కనిపిస్తుంది. వీటిని అర్ధగోళాలు అంటారు. శరీరం కుడివైపు కదలికలను ఎడమ అర్ధగోళం, ఎడమవైపు కదలికలను కుడి అర్ధగోళం నియంత్రిస్తాయి. రెండింటినీ సుమారు 20 కోట్ల నాడీ తంతువుల కట్ట ఒకటి కలుపుతుంది.

రూపంలో ఇంత పోలిక ఉన్నా, పనిలో ఈ రెండూ సమానం కావని 19వ శతాబ్దంలో తేలింది. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా వద్దకు ఒక రోగి వచ్చారు. ఎదుటివారి మాటలు ఆయనకు చాలావరకు అర్థమయ్యేవి. కానీ ఆయన నోటి నుంచి దాదాపుగా 'టాన్' అనే ఒక్క శబ్దమే వచ్చేది. ఆయన మరణించాక మెదడును పరిశీలిస్తే ఎడమ అర్ధగోళం ముందు భాగంలో గాయం కనిపించింది. మరికొందరు రోగులను కూడా పరిశీలించిన బ్రోకా, మనిషి మాట్లాడేది ఎడమ అర్ధగోళంతో అని 1865లో ప్రకటించారు.

1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే మరో రకం రోగులను వర్ణించారు. వారు ధారాళంగా మాట్లాడతారు, కానీ ఆ మాటలకు పొంతన ఉండదు. ఎదుటివారు చెప్పేది కూడా వారికి అర్థం కాదు. వారిలో దెబ్బతిన్నది ఎడమ అర్ధగోళంలోనే, కాస్త వెనుక భాగం. మెదడు దెబ్బతినడం వల్ల మాట పోవడాన్ని వైద్యులు అఫేసియా అంటారు.

20వ శతాబ్దంలో రోజర్ స్పెర్రీ బృందం మరో మెట్టు ఎక్కింది. తీవ్రమైన మూర్ఛ వ్యాధిని అదుపు చేయడానికి, రెండు అర్ధగోళాలను కలిపే తంతువుల కట్టను శస్త్రచికిత్సతో కత్తిరించిన రోగులను ఆ బృందం పరీక్షించింది. కుడి అర్ధగోళానికి మాత్రమే చూపించిన వస్తువు పేరును వారు చెప్పలేకపోయారు. కానీ ఎడమ చేతితో తడిమి అదే వస్తువును ఎంచి తీయగలిగారు. ఈ కృషికి 1981లో స్పెర్రీకి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

'కుడి మెదడు మనుషులు' నిజంగా ఉంటారా?

ఈ ఆవిష్కరణల నుంచి ఒక అపోహ కూడా పుట్టింది. ఎడమ మెదడు తర్కానికి, కుడి మెదడు కళలకు నిలయమని, ప్రతి మనిషిలో ఏదో ఒక భాగం ఆధిపత్యం వహిస్తుందని ప్రచారం సాగింది. పిల్లల 'కుడి మెదడును మేల్కొలుపుతామని' చెప్పే శిక్షణలూ వెలిశాయి.

దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1,011 మంది మెదడు స్కానింగ్‌లను విశ్లేషించి 2013లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని పనులు ఒక వైపు ఎక్కువగా జరగడం నిజమే. కానీ మొత్తం మెదడులో ఒకే వైపు బలంగా ఉన్న మనుషుల వర్గమంటూ వారికి కనిపించలేదు.

ఎడమచేతి వాటం విషయంలోనూ ఇలాంటి పొరపాటు అభిప్రాయమే ఉంది. ఎడమచేతి వాటం వారికి భాష కుడి అర్ధగోళంలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. వారిలో కూడా ఎక్కువమందికి భాష ఎడమ అర్ధగోళంలోనే ఉంటుంది. కుడి అర్ధగోళం భాషకు ప్రధానం కావడం కుడిచేతి వాటం వారితో పోలిస్తే వారిలో తరచుగా కనిపిస్తుంది, అంతే.

రెండు భాషలు వచ్చినవారి మెదడు వేరా?

బ్రోకా కాలం నుంచి జరిగిన పరిశోధనల్లో అధికభాగం ఐరోపా, అమెరికాలలో జరిగింది. పరీక్షకు కూర్చున్నవారిలో ఒకే భాష మాట్లాడే, చదువుకున్న, కుడిచేతి వాటం వారే ఎక్కువ. వారి నుంచి వచ్చిన ఫలితాలను మానవ జాతి మొత్తానికి వర్తింపజేయడం సబబేనా అన్న సందేహం 1970లలో బలపడింది.

1978లో మార్టిన్ ఆల్బర్ట్, లొరైన్ ఓబ్లర్ ద్విభాషుల మెదడుపై ఒక గ్రంథం వెలువరించారు. రెండు భాషలు వచ్చినవారిలో కుడి అర్ధగోళం కూడా భాషా వ్యవహారంలో గణనీయంగా పాల్గొంటుందని వారు వాదించారు. కొందరు పరిశోధకులు దీన్ని సమర్థించారు, కొందరు తోసిపుచ్చారు. ఒకే ప్రశ్నకు పరస్పర విరుద్ధమైన జవాబులు పేరుకుపోయాయి.

జ్యోత్స్న వైద్ తన పరిశోధన జీవితాన్ని ఈ చిక్కుముడి దగ్గరే మొదలుపెట్టారు. హిందీ రచయిత కృష్ణ బల్దేవ్ వైద్ కుమార్తె అయిన ఆమె కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తి చేసి, ఆ తర్వాత అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ద్విభాషుల భాషా ప్రక్రియలపై ఆమె సంపాదకత్వంలో 1986లో వచ్చిన గ్రంథం ఈ రంగంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

మెదడును తెరవకుండానే ఏ వైపు పనిచేస్తోందో తెలుసుకునేందుకు ఈ రంగంలో సులువైన పద్ధతులు ఉన్నాయి. రెండు చెవుల్లో ఒకేసారి రెండు వేర్వేరు మాటలు వినిపిస్తారు. చాలామంది కుడి చెవిలో పడిన మాటను మరింత కచ్చితంగా చెబుతారు. కుడి చెవి సమాచారం ప్రధానంగా ఎడమ అర్ధగోళానికి చేరడమే దీనికి కారణం. అలాగే తెరపై కుడివైపు గానీ, ఎడమవైపు గానీ ఒక మాటను రెప్పపాటు కాలం మెరిపించి, చదవడంలో తేడాను కొలుస్తారు.

ఇలాంటి ప్రయోగాలు పదుల సంఖ్యలో జరిగాయి. వాటన్నిటి ఫలితాలను కలిపి రాచెల్ హల్‌తో పాటు వైద్ విశ్లేషించారు. 2007లో వెలువడిన ఆ విశ్లేషణలో విరుద్ధ ఫలితాల వెనుక ఉన్న క్రమం బయటపడింది. అసలు ప్రశ్న ఎన్ని భాషలు వచ్చు అన్నది కాదు, రెండో భాష ఏ వయసులో వచ్చింది అన్నది. ఆరేళ్ల లోపే రెండు భాషలూ అబ్బినవారిలో రెండు అర్ధగోళాలూ పాల్గొంటున్న సూచనలు కనిపించాయి. రెండో భాషను ఆ తర్వాత నేర్చినవారిలో రెండు భాషలకూ ఎడమ అర్ధగోళమే ప్రధానంగా నిలిచింది.

సూరత్ వంటి నగరంలో ఈ తేడా ఒకే ఇంట్లో ఉండవచ్చు. ఇరవై ఏళ్ల వయసులో వలస వచ్చి హిందీ నేర్చిన తాతది ఒక తీరు. అక్కడే పుట్టి, మాటలు నేర్చేటప్పుడే తెలుగు, గుజరాతీ కలిపి విన్న మనవరాలిది మరో తీరు.

చదివే దిశ చూపును మారుస్తుందా?

వైద్ పరిశోధనలో మరో పాయ భారతీయ లిపుల చుట్టూ సాగింది. ఒక ముఖం ఫొటోలో సగం నవ్వుతూ, మిగతా సగం ఏ భావమూ లేకుండా ఉందనుకుందాం. నవ్వు చూసేవారికి ఎడమవైపు ఉంటే ఆ ముఖం ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు పాశ్చాత్య దేశాల్లో చాలామంది చెబుతారు. భావోద్వేగాలను గుర్తించడంలో కుడి అర్ధగోళం ముందుంటుందనడానికి దీన్ని నిదర్శనంగా చూపేవారు.

అయితే ఆ పరీక్షకు కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి చదివేవారు. వారి చూపు సహజంగానే ఎడమవైపు మొదలవుతుంది. అలాంటప్పుడు ఆ ఫలితంలో మెదడు నిర్మాణం వాటా ఎంత, చదివే అలవాటు వాటా ఎంత?

దీన్ని తేల్చడానికి వైద్, మహరాజ్ సింగ్‌తో కలిసి, ఎడమ నుంచి కుడికి సాగే హిందీ చదివేవారిని, కుడి నుంచి ఎడమకు సాగే లిపులు చదివేవారిని, చదువు రానివారిని పోల్చారు. హిందీ పాఠకుల్లో ఎడమవైపు మొగ్గు స్పష్టంగా కనిపించింది. కుడి నుంచి చదివేవారిలో అది అంతగా లేదు. 1989లో వెలువడిన ఈ అధ్యయనం అందించిన పాఠం పెద్దది. మెదడు అసమానతలో పుట్టుకతో వచ్చేదే కాక, బతుకులోని అలవాటు చెక్కేది కూడా కొంత ఉంటుంది.

హైదరాబాద్ ఆసుపత్రిలో 648 మంది

ఈ ప్రశ్నలను ప్రయోగశాల నుంచి రోగుల దగ్గరకు తెచ్చిన పరిశోధనల్లో ముఖ్యమైనది హైదరాబాద్‌లో జరిగింది. సువర్ణ అల్లాడి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో జాన్ హోడ్జెస్ బృందంతో కలిసి పనిచేశారు. అల్జీమర్స్ వ్యాధి ఎప్పుడూ మతిమరుపుతోనే మొదలుకాదని, కొందరిలో మాట తడబాటుతోనో, చూసినదాన్ని గుర్తుపట్టలేకపోవడంతోనో మొదలవుతుందని చూపిన 2007 నాటి అధ్యయనానికి ఆమె ప్రథమ రచయిత. వ్యాధి మెదడులో ఏ వైపు, ఏ చోట ముందుగా పాకుతుందో దాన్ని బట్టే లక్షణం ఉంటుంది.

హైదరాబాద్ నిమ్స్‌లో జ్ఞాపకశక్తి సమస్యలకు ప్రత్యేక క్లినిక్ నడిపినప్పుడు ఆమెకు పాశ్చాత్య పరిశోధకులకు దొరకని అవకాశం దొరికింది. ఐరోపా, అమెరికాలలో రెండు భాషలు మాట్లాడేవారిలో వలస వెళ్లినవారు, ఎక్కువ చదువుకున్నవారు చాలామంది ఉంటారు. అందువల్ల మేలు భాష వల్ల జరిగిందా, చదువు వల్ల జరిగిందా అని విడదీయడం కష్టం. హైదరాబాద్‌లో ఆ చిక్కు తక్కువ. బడి గడప తొక్కనివారు కూడా ఇక్కడ తెలుగు, ఉర్దూ రెండూ ధారాళంగా మాట్లాడతారు.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, నిమ్స్ నాడీవైద్యులు సుభాష్ కౌల్ తదితరులతో కలిసి ఆమె 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను విశ్లేషించారు. వారిలో 391 మందికి రెండు లేదా అంతకు మించి భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారిలో వ్యాధి సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, మిగతావారిలో 65.6 ఏళ్లకు మొదలైంది. అంటే నాలుగున్నర ఏళ్ల తేడా. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. రెండుకు మించి భాషలు వచ్చినంత మాత్రాన అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఈ ఫలితాలు 2013లో వెలువడి అంతర్జాతీయంగా చర్చకు దారితీశాయి.

2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిపై అధ్యయనాన్ని ప్రచురించింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు ద్విభాషుల్లో 40.5 శాతం కాగా, ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం మాత్రమే. అయితే అఫేసియా మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానంగా వచ్చింది.

రెండో భాష ఎడమ అర్ధగోళంలోని మాట కేంద్రాలకు కవచం తొడగలేదు. కానీ ఒక భాషను అణచి మరో భాషను ముందుకు తెచ్చే నిత్య సాధన వల్ల అవధానం, నియంత్రణ వంటి శక్తులు బలపడి, గాయాన్ని తట్టుకునే నిల్వ పెరిగి ఉండవచ్చన్నది పరిశోధకుల వివరణ. మాట దెబ్బతిన్నా, దాని తీవ్రత ద్విభాషుల్లో తక్కువగా ఉన్నట్టు ఈ బృందం తర్వాతి అధ్యయనంలో కనిపించింది.

అందరూ అంగీకరించారా?

లేదు. వ్యాధి వచ్చాక ఆసుపత్రికి చేరినవారి వివరాలను వెనక్కి చూసి లెక్కకట్టిన అధ్యయనాల్లో ఈ మేలు తరచుగా కనిపిస్తోంది. ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనిస్తూ వెళ్లిన అధ్యయనాల్లో మాత్రం స్పష్టంగా కనిపించడం లేదు. 2017లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష ఈ తేడాను ఎత్తిచూపింది.

కాబట్టి రెండో భాష డిమెన్షియాను అడ్డుకుంటుందని చెప్పడం తొందరపాటు. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉంచుకోవడం, పొగాకు మానడం వంటి జాగ్రత్తలకు భాష ప్రత్యామ్నాయం కాదు.

పక్షవాతం తర్వాత ముందు తిరిగి వచ్చేది ఏ భాష?

ఈ ప్రశ్నపై రెండు పాత సిద్ధాంతాలు ఉన్నాయి. బాల్యంలో నేర్చినదే చివరి దాకా నిలుస్తుందని ఫ్రెంచి మనోవైజ్ఞానికుడు రిబో 1880లలో చెప్పారు. అనారోగ్యానికి ముందు ఎక్కువగా వాడిన భాషే ముందు తిరిగి వస్తుందని పిత్రే 1895లో వాదించారు.

రోగుల అనుభవాలు ఏ ఒక్క సిద్ధాంతానికీ పూర్తిగా ఒదగలేదు. ఎక్కువమందిలో భాషలన్నీ కలిసి దెబ్బతిని, కలిసే మెరుగుపడతాయి. కొందరిలో ఒక భాష ముందు, మరొకటి వెనుక వస్తాయి. అరుదుగా కొందరు తమకు తెలియకుండానే ఒక భాష నుంచి మరో భాషలోకి జారిపోతుంటారు. అలాంటి మాటలు వినేవారికి అర్థంలేని గొణుగుడులా అనిపించవచ్చు. అందుకే, ఇంట్లో వాడే భాషలన్నీ తెలిసిన మనిషి చికిత్స సమయంలో పక్కన ఉండటం అవసరం.

కుటుంబాలు గమనించవలసింది ఏమిటి?

మెదడు అసమానత ఇంట్లోవారికి నేరుగా ఉపయోగపడే సందర్భం ఇదే. ఎడమ అర్ధగోళంలో పక్షవాతం వస్తే సాధారణంగా కుడి చేయి, కుడి కాలు బలహీనపడతాయి. మాట తడబడుతుంది, లేదా ఆగిపోతుంది. ఇది వెంటనే కంటపడుతుంది.

కుడి అర్ధగోళం దెబ్బతింటే పరిస్థితి మోసం చేస్తుంది. మాట బాగానే ఉంటుంది. కానీ రోగి ఎడమవైపు ప్రపంచాన్ని పట్టించుకోకపోవచ్చు. కంచంలో కుడివైపు అన్నం తిని ఎడమవైపు వదిలేస్తారు. ఎడమ చేయి కదలకపోయినా తనకేమీ కాలేదని గట్టిగా చెబుతారు. ఆ మాట నమ్మి కుటుంబం ఆగిపోతే విలువైన సమయం పోతుంది.

ముఖం ఒకవైపు వంగడం, ఒక చేయి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, ఎడమవైపును హఠాత్తుగా మరిచిపోవడం వంటివి కనిపిస్తే 108కు ఫోన్ చేయాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. లక్షణం మొదట ఏ సమయంలో కనిపించిందో గుర్తుపెట్టుకుని వైద్యులకు చెప్పాలి.

పరీక్ష ఎవరి భాషలో?

మాట, జ్ఞాపకం, అవధానం ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి వైద్యులు వాడే పరీక్షలు చాలావరకు ఆంగ్లంలో, చదువుకున్నవారి కోసం తయారైనవి. బొమ్మను చూసి గీయమనడం, వాక్యం రాయమనడం ఎన్నడూ కలం పట్టనివారికి జబ్బు లేకున్నా కష్టమే. ఇక తెలియని భాషలో అడిగితే, రోగి మౌనం వ్యాధి వల్లనో, భాష వల్లనో తేల్చడం సాధ్యం కాదు.

ఈ లోటును పూడ్చడానికి భారతీయ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో ఒక పరీక్షల సంపుటి రూపొందింది. ఆ కృషిలో అల్లాడి కీలక పాత్ర వహించారు. హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో తయారైన ఆ సంపుటి వివరాలు 2020లో ప్రచురితమయ్యాయి. కేవలం అనువాదంతో సరిపెట్టకుండా, ఆయా ప్రాంతాల సంస్కృతికి, చదువు స్థాయికి తగినట్టు దాన్ని మలిచారు.

తొలి ఐదు భాషల్లో తెలుగు ఉంది, గుజరాతీ లేదు. అంటే సూరత్‌లోని తెలుగు రోగికి సరిపోయే పరీక్ష సిద్ధంగానే ఉంది. ఆ భాషలో అడిగే మనిషి అక్కడ దొరకడమే మిగిలిన సమస్య. ఒడిశా నుంచి, మహారాష్ట్ర నుంచి అదే నగరానికి వచ్చిన కార్మికులకు తొలి జాబితాలో సొంత భాషలో పరీక్ష కూడా లేదు.

అది సమకూరే వరకు కుటుంబం చేయగలిగిన సాయం ఒకటుంది. ఆసుపత్రిలో రోగి వివరాలు చెప్పేటప్పుడు వయసు, మందుల పేర్లతో పాటు మరో మూడు విషయాలు చెప్పాలి. ఆయన ఏ చేతివాటం మనిషి, ఏయే భాషలు ఏ వయసులో నేర్చుకున్నారు, ఇంట్లో ఏది మాట్లాడతారు. శతాబ్దిన్నరకు పైగా సాగిన పరిశోధన వైద్యులకు నేర్పిన ముఖ్యమైన ప్రశ్నలు ఇవే. వాటి జవాబులు స్కానింగ్‌లో కనిపించవు, ఇంట్లోవారికే తెలుస్తాయి.